చెంచా అత్త చేతి మందు

ఆ మూడంతస్తుల మేడలో పిల్లలకు మందు పట్టాలంటే డాక్టరు రాసిస్తే చాలదు, కింది వాటాలో ఉండే చెంచా అత్త పోయాలి. ఆమెది కుట్టుపని. గౌన్లు, దిండు గలీబులు, బడిపిల్లల చొక్కాలు కుట్టి బతుకుతుంది. పేరు మాత్రం చెంచాతో వచ్చింది. ఎంత మొండిఘటమైనా సరే, ఒళ్ళో పడుకోబెట్టుకుని, బుగ్గ పక్కనుంచి చెంచా జారవిడిచి, ముఖం మీద ఉఫ్‌మని ఊదిందంటే గుటుక్కున మింగాల్సిందే. "నా చేతి మందు ఒక్క చుక్క బయటికి రాదర్రా!" అని మిషను తొక్కుతూ గొప్పలు పోయేది. పోదూ మరి! కడుపున కాయ కాయని మనిషి, మేడలోని పిల్లలందరూ తన ఒళ్ళో పడుకుని మింగుతుంటే ఆ మాత్రం మురిసిపోదూ?

ఆ రోజు పొద్దున్నే పైవాటా అమ్మాయి తన చిన్నవాణ్ణి చంకనేసుకుని దిగింది. వాడికి ఎనిమిదో నెల. ముక్కు ధారగా కారుతోంది. ఇంటిల్లిపాదికీ రాత్రంతా కునుకు లేదు. ఆ అమ్మాయి చేతిలో జలుబు సిరప్ సీసా ఉంది. బడికెళ్ళే పెద్దకొడుక్కి కిందటిసారి కొన్నది, సగం మిగిలింది.

"అత్తా, నేను పోస్తే నా మీదే ఉమ్మేస్తున్నాడు. కాస్త నువ్వు పొయ్యి, నీకు పుణ్యముంటుంది."

"ఇలా తే. ఇలాంటి వాళ్ళ తాతల్ని చూశాను నేను," అంది అత్త.

నిండు చెంచా మందు లోపలికి పోయింది. మధ్యాహ్నం ముక్కు ఇంకా కారుతోందని ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. అత్త మళ్ళీ పోసింది. సీసా మీద ఏం రాసుందో ఇద్దరిలో ఒక్కరైనా చూస్తేనా! అన్నకు పనిచేసిన మందు తమ్ముడికి పనిచేయదా అనుకున్నారు.

దీపాలు పెట్టేవేళ మెట్ల మీద కేక వినబడింది.

"అత్తా! వీడు లేవట్లేదు అత్తా!"

అత్త కుడుతున్న గుడ్డ సూది కిందే వదిలేసి పరిగెత్తింది. పిల్లాడు గుడ్డబొమ్మలా వేలాడుతున్నాడు. అరికాలు గిల్లితే కాలు కాస్త ముడిచాడు, కళ్ళు మాత్రం తెరవలేదు. ఊపిరి ఆడుతోంది గానీ, ఒకటి వదిలి ఇంకొకటి తీసుకోవడానికి తాత్సారం చేస్తున్నాడు.

దొరికిన బండెక్కి పిల్లల ఆసుపత్రికి బయల్దేరారు. దారిలో దుకాణాల వెలుగులో అత్త సీసా తిప్పి చూసింది. నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని స్పష్టంగా రాసుంది. సూదిబెజ్జంలో దారం ఎక్కించే కళ్ళు, పొద్దున్న ఏ గంగలో కలిశాయో అని తనను తానే తిట్టుకుంది.

డాక్టరమ్మ సీసా చూడగానే ముఖం చిట్లించింది. "ఇంత పసివాడికి ఇదెవరు వేయమన్నారు? మత్తొస్తుంది, ఊపిరి మందగిస్తుంది. లోపలికి ఎంత పోయింది?"

అమ్మాయి గబగబా అందుకుంది. "ఎక్కువేం లేదండీ. ఒక్కసారే. అదీ చాలావరకు ఉమ్మేశాడు. ఏ మందు పోసినా ఉమ్మేస్తాడండీ వీడు."

డాక్టరమ్మ పిల్లాడి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి చూసింది, అరికాలు గట్టిగా తడితే వాడు ఒక్కసారి కళ్ళు తెరిచి మూలిగాడు. "ఇప్పటికైతే పరవాలేదు. బయట బల్ల మీద కూర్చోండి, కాసేపు చూద్దాం," అని పక్క మంచం వైపు కదిలింది.

ఆ పిల్ల భయంతో అబద్ధమాడిందని అత్తకు తెలుసు. ఇంటికెళితే అందరూ తననే దుమ్మెత్తిపోస్తారని దాని బెంగ. అత్త కూడా నోరు మూసుకుంటే ఇద్దరి పరువూ నిలుస్తుంది. పరువు నిలిచి పిల్లాడు పోతే? కాల్చనా ఆ పరువు!

"డాక్టరుగారూ! వాడు ఉమ్మలేదండీ. రెండుసార్లు పోశాను, రెండుసార్లూ చెంచా నిండా. నేనే పోశాను. నా చేతి మందు... ఒక్క చుక్క బయటికి రాదండీ." చెబుతూనే భోరుమంది.

డాక్టరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. పిల్లాణ్ణి లోపలి గదిలోకి మార్చి, వేలికి ప్రాణవాయువు కొలిచే యంత్రం తీగ తగిలించి, పక్కన నర్సును నిలబెట్టారు. కాసేపటికి యంత్రం కీచుమంది. పిల్లాడి ఊపిరి ఆగింది. నర్సు ముఖానికి మాస్కు నొక్కిపట్టి, చేత్తో దానికున్న రబ్బరు సంచీ పిసుకుతూ గాలి పంపింది. తలుపు అద్దంలోంచి చూస్తున్న తల్లి అత్త చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగినా అత్త చెయ్యి లాక్కోలేదు. పిల్లాడి పొట్ట మళ్ళీ దానంతటదే లేచి దిగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. బయట బల్ల మీదే ఉండి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున వాడు గుక్కపట్టి ఏడ్చాడు. "జలుబు దానంతటదే తగ్గుతుంది. ముక్కు తుడవండి, పాలు పట్టండి. నన్నడగకుండా ఏ మందూ పొయ్యొద్దు," అని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

తల్లి చెంచాతో కాసిని నీళ్ళు పట్టబోయింది. వాడు తుపుక్కున ఆమె ముఖం మీదే ఉమ్మేశాడు. ఆమె అలవాటు కొద్దీ చెంచాను అత్త వైపు చాచింది.

అత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఉమ్మనీవే అమ్మాయ్," అంది. "వాణ్ణి ఉమ్మనీ."