కార్నెట్ వెనకాల వయొలిన్

నా వయొలిన్ పెట్టె తెరిస్తే ఇప్పటికీ కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. వాల్టర్ తన కార్నెట్ మీటలకు వేసుకునే నూనె వాసన అది. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు పొట్టి చెల్లెలనుకోండి. దాన్ని తుడిచే పసుపు గుడ్డ నా పెట్టెలోనే ఉండిపోయింది. ఉతకడానికి నాకు మనసు రాదు.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా ఇంటి దగ్గర లైబ్రరీ హాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు ఆరుగురు పెద్దవాళ్లు తొలినాళ్ల జాజ్ వాయించేవారు. ముందు స్వరాలు రాసిన కాగితాలుండవు. కార్నెట్ పాట వరస చెబుతుంటే, క్లారినెట్, ట్రాంబోన్ అదే సమయంలో తలో మాటా అనేస్తుంటాయి. పెళ్లింట్లో చుట్టాలందరూ ఒక్కసారే మాట్లాడుతున్నట్టుండేది. పుస్తకాలు తిరిగిచ్చేద్దామని వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. "ఒకప్పుడు ఈ బ్యాండుల్లో వయొలిన్ కూడా ఉండేది. నీది తెచ్చుకో" అన్నారు వాల్టర్. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన ఆయనే ఆ బ్యాండుకు పెద్ద.

నేను బెజవాడలో నేర్చుకున్నది కచేరీ వయొలిన్. పాడేవారి వెనకే, అర క్షణం ఆలస్యంగా, వాళ్ల సంగతులను పట్టుకుంటూ పోవడమే నాకు తెలిసిన మర్యాద. ఇక్కడా అదే చేశాను. మొదటి పాట కాగానే ట్రాంబోన్ ఆయనకు నవ్వాగలేదు.

"నా మాట నేను చెప్పేశాను కదా! మళ్లీ నువ్వెందుకు చెప్పడం? నీ మాట చెప్పు" అన్నారు వాల్టర్.

"మా దగ్గర ముందుకొస్తే పొగరంటారండీ."

"ఇక్కడ వెనకుంటే నిద్రపోయావంటారు."

నాలుగేళ్లు అదే చెప్పారు. నాకు రాలేదు. నా మీద నాకే ఒళ్లు మండేది. "అమ్మా, వాల్టర్ అంకుల్ నిన్ను ఇంకా ఫైర్ చెయ్యలేదా?" అని మా అమ్మాయి ఏడిపించేది. ఆయన మాత్రం తన పక్క కుర్చీ నాకే ఉంచేవారు. అంత ఓపిక నా మీద ఇంకెవరూ చూపలేదు.

తర్వాత ఆయన పళ్లు కదలడం మొదలైంది. పళ్లు గట్టిగా లేకపోతే కార్నెట్ మీద పెదవి నిలవదు. వరస చెప్పేవారు లేనప్పుడు బ్యాండెందుకని, ఇక ఆపేద్దామని అందరూ అనుకున్నారు. ఆఖరిదనుకున్న ఆదివారం, పాట మధ్యలో ఆయన పెదవి పట్టు తప్పింది. గాలి వచ్చింది, స్వరం రాలేదు. మిగతావాళ్లు తడబడ్డారు. అర క్షణం వెనక ఉన్నాను కాబట్టి, ఆయన వదిలేసిన పలుకు ఇంకా నా కమాను మీదే ఉంది. దాన్ని పూర్తి చేశాను. ఆ తర్వాతదీ వాయించాను. నాలుగేళ్లు నేను వెంటబడిన మనిషి సంగతులన్నీ నా వేళ్లకు తెలుసు. క్లారినెట్, ట్రాంబోన్ నా చుట్టూ చేరాయి. కాసేపటికి వాల్టర్ కార్నెట్ మళ్లీ ఎత్తి, నా వెనక రెండేసి స్వరాలు మెల్లగా వేశారు.

పాటయ్యాక పసుపు గుడ్డతోనే కళ్లు తుడుచుకుని, దాన్ని నా పెట్టెలో పడేశారు. "వెనక భలే హాయిగా ఉందే! నువ్వెందుకు కదలనన్నావో ఇప్పుడు తెలిసింది" అన్నారు.

బ్యాండు ఆగలేదు. వాల్టర్ పోయి ఏడాది దాటింది. ఆదివారాలు ఇప్పుడు వరస చెప్పేది నేనే. పాత అలవాటు ఒక్కటి మాత్రం వదలలేదు. పాట ఎత్తుకునే ముందు అర క్షణం ఆగుతాను. ముందు ఆయన మొదలుపెట్టాలి కదా.