వాసన గడిలో రాసిన అబద్ధం

మా ఫ్యాక్టరీలో బీరు రుచి చూసే గదిని ఉదయం పదిన్నరకి తెరుస్తారు. టిఫిను అరిగి, ఆకలి ఇంకా మొదలవని వేళ అది. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ఆ పొద్దున కాఫీ తాగకూడదు, ఆవకాయ ముట్టుకోకూడదు, పౌడరు రాసుకోకూడదు, తలలో పూలు పెట్టుకోకూడదు. నాలుగేళ్ళు నేను బోసి జడతోనే ధవళేశ్వరంలో ఫ్యాక్టరీ బస్సెక్కాను. మా వీధివాళ్ళు నాకేదో తీరని కష్టం ఉందనుకుని జాలిపడేవారు. అలాగే అనుకోనిచ్చాను. బీరు తాగడానికి వెళ్తున్నానని చెప్పడం కన్నా అదే నయం.

నా పని పిల్స్‌నర్ అనే రకం బీరు రుచి చూసి, ట్యాంకులో ఉన్నదాన్ని సీసాల్లోకి ఎక్కించొచ్చో లేదో సంతకం పెట్టడం. కెమిస్ట్రీ చదివిన ఆడపిల్లకి ఇదేం ఉద్యోగమని మా అమ్మ గోల. చర్చి స్త్రీల సమాజంలో ముందు వరుసలో కూర్చునే మనిషి మరి. "పుక్కిలించి ఉమ్మేస్తామే" అని చెప్పి ఊరుకోబెట్టాను. నిజానికి ఉమ్మం. బీరు చేదు నాలుక వెనకాల, గొంతు మొదట్లో తెలుస్తుంది. మింగకపోతే సగమే రుచి చూసినట్టు.

పిల్స్‌నర్‌కి ఒక గుణం ఉంది. దాంట్లో తప్పు దాక్కోడానికి చోటుండదు. మసాలా కూరలో చెయ్యి తప్పినా నెట్టుకురావచ్చు గానీ, చారులో తప్పితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అలాంటి బీరు అది. గ్లాసుని గుడ్డతో తుడవకూడదు, కడిగి బోర్లించి ఆరనివ్వాలి. పోశాక తెల్లకాగితం ముందు పెట్టి చూడాలి. రంగు లేత బంగారంలా, అడుగు దాకా తేటగా ఉండాలి. నురగ తెల్లగా, వత్తుగా నిలబడాలి. తర్వాత గ్లాసుని అరచేత్తో మూసి, ఒకసారి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. బార్లీ గింజ కమ్మదనం, దానిమీద హాప్స్ అనే పువ్వుది పచ్చిగడ్డి లాంటి వాసన. అంతే ఉండాలి. ఉడికిన మొక్కజొన్న వాసనొస్తే తప్పు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే తప్పు. మింగాక చేదు సూటిగా తగిలి, శుభ్రంగా వెళ్ళిపోయి, ఇంకో గుక్క అడగాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు నెయ్యి వాసన. పులియడం పూర్తికాకుండా తొందరపడి చల్లబెడితే అది మిగిలిపోతుంది. కొత్తలో నేను అలాంటి గ్లాసుకి పదికి పది వేశాను. మన ఇళ్ళలో నెయ్యి వాసన తప్పెలా అవుతుంది? నాకు పని నేర్పిన పెద్దాయన నవ్వి, "సగం సీసా తాగి చూడండమ్మా, మొహం మొత్తుతుంది" అన్నారు. ఆయనది ఉప్పాడ, చేపలు పట్టే కుటుంబం. చేపని వాసన చూసి అది ఒడ్డుకొచ్చి ఎన్ని గంటలైందో చెప్పగలరని ఫ్యాక్టరీలో పేరు. ఆ పేరు ఆయనే పుట్టించుకున్నారో, నిజమో నాకు తెలీదు. భయమూ భక్తీ మాత్రం నాకు నిజంగానే ఉండేవి.

మామూలుగా రుచి చూసేవాళ్ళం ఆరుగురం. కార్తీకం వచ్చేసరికి నలుగురు అయ్యప్ప మాల వేసుకుంటారు. నల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా పనికొస్తారు గానీ గ్లాసు ముట్టుకోరు. మేనేజరుగారు కూడా మాలలోనే ఉంటారు, అందరం ఆయన్ని స్వామీ అనే పిలుస్తాం. క్రైస్తవురాల్ని కాబట్టి నాకు మాల లేదు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి పెద్దాయనకి లేదు. ఆ నలభై రోజులూ ఫ్యాక్టరీ అంతా మా రెండు ముక్కుల మీద నడుస్తుంది. ఒక్కో ట్యాంకుకీ రెండు సంతకాలు.

ఆ యేడు మాలలు మొదలవుతుండగా నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది. అయిదోరోజు గదిలోకి వెళ్ళి, గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. మంచినీళ్ళు వాసన చూస్తున్నట్టుంది. తాగితే చేదు తెలిసింది, గ్యాసు నాలుకని పొడిచింది, అంతే. పై ప్రాణాలు పైనే పోయాయి. జనవరిలో నన్ను పర్మినెంటు చేసే కాగితం రావాలి. ముక్కు లేని మనిషిని ఎవరు పర్మినెంటు చేస్తారు?

కాగితం మీద 'వాసన' అనే గడి ఖాళీగా ఉంది. పెద్దాయన వైపు ఓరగా చూశాను. తప్పు తగిలితే ఆయన మీసం చివర పట్టుకుంటారు. పట్టుకోలేదు. 'శుభ్రం' అని రాశాను. అక్షరాలు కోళ్ళు కెలికినట్టొచ్చాయి.

రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాను. రాలేదు. ఇంట్లో కర్పూరం, వాముపొడి, ఎండుచేపలు, అన్నిటిమీదా మొహం పెట్టి చూశాను. మా అమ్మ వెనకనించి వచ్చి "ఏం వెతుకుతున్నావే?" అంటే గబగబా మూతలు పెట్టేశాను. గదిలో తేలు కుట్టిన దొంగలా కూర్చునేదాన్ని. రంగు, నురగ, చేదు, ఈ మూడింటి గురించి కాగితం నిండా రాసి, వాసన గడిలో మాత్రం ఆయన మొహం చూసి రాసేదాన్ని.

దాంతో మాకు మర్యాదలు ఎక్కువైపోయాయి. "ముందు మీరు కానివ్వండమ్మా" అనేవారాయన. "అయ్యో, పెద్దవారు, ముందు మీరండి" అనేదాన్ని. ఒకరోజు ఇద్దరం గ్లాసులు పట్టుకుని, నురగంతా చచ్చిపోయేదాకా ఒకరికొకరం మర్యాద చేసుకున్నాం. గోదావరి జిల్లాల మర్యాద అంటే ఇదే అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వులో కూడా భయమే ఉంది.

మాలలు ముగింపుకొస్తున్న రోజుల్లో, ఒక ఉదయం మేమిద్దరం 'శుభ్రం' అని రాసి సంతకాలు పెట్టేశాం. మేనేజరుగారు వరండాలో వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. లోపలికి రాలేదు.

"ఏమండీ, ఇక్కడెవరన్నా నెయ్యి కాస్తున్నారా?"

నేను గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెద్దాయనా అదే చేశారు.

"నా ధ్యాసంతా ఇరుముడిలో పెట్టే నెయ్యి మీదుందిలెండి, అందుకే అలా అనిపించుంటుంది" అని ఆయనే నవ్వి వెళ్ళిపోయారు. ఆయనకి తన ముక్కు మీద కన్నా మా సంతకాల మీద నమ్మకం ఎక్కువ.

నేను పెద్దాయన వైపు తిరిగాను. "మీకు... నెయ్యి వాసన వచ్చిందాండి?"

"మీకొచ్చిందామ్మా?"

ఇక నావల్ల కాలేదు. "నాకు ఏ వాసనా రావట్లేదండి. జ్వరం దగ్గర్నించి. మీ మొహం చూసి రాస్తున్నాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "నేను మీ మొహం చూసి రాస్తున్నానమ్మా. నా ముక్కు పోయి రెండేళ్ళయింది."

నేను నెలరోజులుగా పడ్డ భయం ఆ మాట ముందు చిన్నదైపోయింది. ఎన్ని ట్యాంకులు ఎక్కించామో లెక్కపెట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు. నెలరోజులు ఆ బీరుని అసలెవరూ వాసన చూడలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అంతే.

"వెళ్ళి చెప్తానండి" అన్నాను.

"నా సంగతి ఎత్తకండమ్మా. నాకింక ఎనిమిది నెలలే సర్వీసు." ఆ గొంతు వింటే, నాకు పని నేర్పిన మనిషి ఈయనేనా అనిపించింది. సరేనన్నాను.

మేనేజరుగారి గదిలో నిలబడి నా ముక్కు సంగతి చెప్పాను. ఆయన అంతా విని, తేలిగ్గా అన్నారు.

"జ్వరాలన్నాక ఇవన్నీ మామూలేనమ్మా. పెద్దాయన సంతకం ఉందిగా. ఆయనుండగా మనకి భయమేంటి? ఆ ట్యాంకు ఎక్కించెయ్యమనండి."

చెప్తే ఆయన ఎనిమిది నెలలు పోతాయి. చెప్పకపోతే నెయ్యి కంపు కొట్టే ట్యాంకు ఊళ్ళమీదకెళ్తుంది. నేను నోరు మూసుకున్నాను. ఇవాళ తల్చుకుంటే సిగ్గేస్తుంది, అయినా జరిగింది అదే.

పెద్దాయన నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారని అప్పుడే చూశాను.

"ఎక్కించకండి స్వామీ. నాకూ వాసన తెలీదు. రెండేళ్ళయింది."

"ఊరుకోండి. ఆవిడకి మాట రాకూడదని మీరలా అంటున్నారు."

"కాదు స్వామీ. నిజం."

మేనేజరుగారి మొహంలో నవ్వు పోయింది. "మరి ఈ రెండేళ్ళూ మీ బదులు రుచి ఎవరు చూశారండీ?"

"ఈవిడ చూశారు. ఈవిడ కళ్ళు చికిలిస్తే తప్పుందని నేనూ రాసేవాణ్ణి. ఒక్కసారి కూడా తేడా రాలేదు."

నాలుగేళ్ళలో నన్నెవరూ అంత పెద్ద మాట అనలేదు. ఆ మాట వినేనాటికి నాకు ముక్కు లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ట్యాంకు ఆపించారు. పెద్దాయన్ని మర్నాటినించి స్టోర్సులో కూర్చోమన్నారు. నాతో మాత్రం కాస్త మెత్తగానే మాట్లాడారు.

"మీరు ఇంటికెళ్ళండమ్మా. ముక్కు బాగయ్యాక రండి. జనవరి కాగితం సంగతి అప్పుడు చూద్దాం."

"బాగవ్వకపోతేనండి?" అన్నాను.

మేనేజరుగారు బల్లమీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. రెండేళ్ళు నా మొహం చూసి సంతకాలు పెట్టిన పెద్దాయన, ఆ ఒక్కసారీ నా మొహం వైపు చూడలేదు.