అమ్మ రవ్వ డబ్బాలోంచి తెచ్చిన పురుగులు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతుకి అడ్డం పడి ఉంది. అన్నం ముద్ద దిగుతుంది గానీ ఇది దిగదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేట. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. నేను మా ఊళ్లోనే, హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో పురుగుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో చేరినాను. అక్కడ నా సీనియర్ పద్మక్క. నల్గొండ మనిషి. నన్ను సొంత చెల్లిలా చూసుకునేది. బియ్యంలో, రవ్వలో తిరిగే సన్నటి పురుగుల ఒంట్లో ఒక రకం బ్యాక్టీరియా కాపురముంటుంది. పురుగు పైపెంకు గట్టిపడేది దానివల్లేనని, ఆ పెంకే ఒంట్లో నీరు ఆరిపోకుండా కాపాడుతుందని, అందుకే చుక్క నీరు లేని డబ్బాలో కూడా పురుగు బతుకుతుందని అక్క నమ్మకం. రుజువు కోసం మందు పెట్టి, బ్యాక్టీరియా లేని పురుగుల్ని తరాల తరబడి పెంచింది. వాటి పెంకు పల్చన. తేమ పెట్టెలోనే ఉంచాలి.

వాళ్లమ్మకి ఒంట్లో బాలేదని ఊరెళ్తూ అక్క వాటిని నాకు అప్పగించింది. ఓ సాయంత్రం మేత వేసి, ఊళ్లోనే మలంచా పేటలో స్నేహితురాలి పెళ్లికి పరిగెత్తినాను. మూత వెయ్యడం మర్చిపోయినాను. ఏసీ గాలికి తెల్లారేసరికి అన్నీ ఎండి చచ్చిపోయినాయి. అయ్యో, ఇప్పుడేటి చెయ్యాలి? ఇంటికెళ్లి అమ్మ రవ్వ డబ్బా జల్లించినాను. అదే జాతి పురుగులు. తెచ్చి ఆ పెట్టెలో వేసి మూత పెట్టినాను. అక్క ముందు చిన్నబోతానన్న భయం తప్ప ఆ పూట ఇంకేటైనా ఆలోచించినానా అని నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను.

వాటిలో బ్యాక్టీరియా లేదని ఊరెళ్లే ముందే పరీక్ష చేసుకుంది గనుక, తిరిగొచ్చాక అక్క మళ్లీ చూడలేదు. వాటిని పొడిగాలిలో పెట్టింది. చావాల్సినవి చావలేదు. బతుకుతాయి మరి, బ్యాక్టీరియా ఉన్నవే కదా!

"నేను లేనప్పుడు ఏమన్న అయిందా చెల్లె?"

"ఏటీ అవలేదక్కా."

"గట్లయితే నేను అనుకున్నదే తప్పు."

నన్ను అనుమానించినా బాగుండును. తనని తనే అనుమానించుకుంది. మళ్లీ మొదటినుంచి పెంచడానికి గడువు లేదు. పరిశోధన మానేసి వెళ్లిపోయింది. స్టేషన్‌లో నేను ఏడుస్తుంటే, తన మీద బెంగ అనుకుని నా కళ్లు తుడిచింది.

తర్వాత ఇంకోసారి చూద్దామని మా ల్యాబ్ సారు అదే పని నాకిచ్చినారు. మళ్లీ పెంచినాను, పొడిగాలిలో పెట్టినాను. అక్క చెప్పినట్టే చచ్చిపోయినాయి. దానిమీదే నాకు డాక్టరేట్ వచ్చింది. తనకి చేతకానిది నాకు చేతనయిందని అక్క ఫోన్‌లో సంబరపడింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు.

పద్మక్క చేతకానిది కాదు. ఆమె అనుకున్నది అక్షరాలా నిజం. పురుగుల్ని చంపిందీ నేనే, మార్చిందీ నేనే, ఆమెకి రావాల్సిన పేరు కొట్టేసిందీ నేనే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఒక్కరికైనా చెప్పినాను. కాస్త ఊపిరి ఆడుతోంది.