సెలవు పెట్టిన రోజు ఏం జరిగింది?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను గుడివాడ నుంచి బందరులోని ఒక శిక్షణ కేంద్రానికి ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఉద్యోగమిచ్చేవాళ్ళకూ వెతుక్కునేవాళ్ళకూ మధ్య పెళ్ళిళ్ళ పేరయ్య పని అది.

చేరిన వారంలోనే రజియా గారు వచ్చారు. ఏళ్ళ తరబడి ఒక రోల్డ్‌గోల్డ్ నగల కార్ఖానాలో పనిచేశారు. యజమాని అల్లుడు పగ్గాలు చేపట్టగానే ఆవిడను మానిపించి తన మనిషిని పెట్టుకున్నాడు. ఇల్లు గడిచేది ఆవిడ జీతంతోనే. మంగినపూడి దారిలోని రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ సూపర్‌వైజరు పోస్టు ఖాళీగా ఉంది. నగలకూ రొయ్యలకూ ఏం పొత్తు? ఎక్కడ ఎన్నేళ్ళు చేశారో వరసగా రాసే మామూలు రెజ్యూమె ఇక్కడ పనికిరాదు. ఏం చేయగలరో, ఏం సాధించారో ముందు చెప్పే నైపుణ్యాల రెజ్యూమె కావాలి.

రాద్దామంటే ఆవిడ తన గురించి ఒక్క ముక్క చెప్పరే! పాలిష్ పట్టే బాషా ఎంత పనిమంతుడో మాత్రం గడగడా చెప్పారు. మరి మీరేం చేశారమ్మా అంటే, “నాదేముంది సార్, అందరం కలిసి చేశాం” అన్నారు. ‘అందరి’కీ కలిపి ఒక ఉద్యోగం ఇవ్వరమ్మా అని విసుక్కున్నాను.

చివరికి, మీరు సెలవు పెట్టిన రోజు ఏం జరిగేదని అడిగాను. ఆవిడ పకపకా నవ్వారు.

“సెలవెక్కడిది సార్! మా చెల్లి పెళ్ళిలో బిర్యానీ కూడా తిననివ్వలేదు, ఒకటే ఫోన్లు. మానిపించాక కూడా చేస్తూనే ఉన్నారు.”

దేనికి చేసేవారో ఒక్కొక్కటీ చెప్పించాను. పూత వెలిసిన గాజులను ఏరడం, సరుకు తప్పిపోకుండా పంపడం, అలిగిన వ్యాపారిని బుజ్జగించడం. నాణ్యత తనిఖీ, సరుకు పంపకం, ఖాతాదారుల సంబంధాలు అని మూడు శీర్షికలు పెట్టి, వాటి కింద ఆ పనులే రాశాను. చదివి వినిపిస్తే ఆవిడ మురిసిపోయారు.

ఇంటర్వ్యూకు నేనూ వెంట వెళ్ళాను. ఇవన్నీ మీరే చేశారా అని మేనేజరు గారు అడిగారు. “నాదేముందండీ...” అని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టారు. అంతలో ఆవిడ ఫోన్ మోగింది. కట్ చేస్తే మళ్ళీ మోగింది. మాట్లాడమన్నారు మేనేజరు గారు. చేసింది ఆ అల్లుడుగారే! హైదరాబాదు పెట్టెలూ చెన్నై పెట్టెలూ కలిసిపోయాయట.

“కంగారు పడకండి బాబూ. ముందు లారీ ఆపించండి. ఎర్రదారం కట్టినవి చెన్నైవి. విప్పకుండా అవి పక్కన పెట్టించండి, చాలు.”

ఫోన్ పెట్టేసి క్షమించమన్నారు. మేనేజరు గారు రెజ్యూమె మడిచి, ఎప్పుడు చేరతారని అడిగారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

రిటైరయ్యేదాకా మరెవరినీ ఏం సాధించారని అడగలేదు. మీరు రాని రోజు ఎవరు, దేనికి ఫోన్ చేశారని అడిగాను. ఒక్క ఫోనూ రాలేదన్నవాళ్ళకు మామూలు రెజ్యూమే రాసి పంపాను.