గాదెలో మిగిలిన రెండో కాపీ

సర్వాంతర్యామి అయిన శ్రీమన్నారాయణుడి పాదాలకు ముందుగా నమస్కారం. మనం ఏది దాచినా ఆయన దగ్గర దాగదు. మన దగ్గర ఏది పోయినా ఆయన దగ్గర పోదు. ఈ మాట ఇరవై ఏళ్ళుగా సత్సంగాల్లో చెబుతూ వచ్చాను. అది నా గురించి కూడా అని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. గరుడ పురాణం చదివినవాణ్ణి, ప్రేతత్వం గురించి శాస్త్రం ఏం చెబుతుందో తెలిసినవాణ్ణి. కానీ ఫలానా ఇంట్లో గాజుల చప్పుడు వినిపించింది, ఫలానా మలుపులో ఎవరో నిలబడ్డారు అంటే నవ్వేసేవాణ్ణి. మా బడిలో పిల్లలు అలాంటివి చెప్పుకుంటే కోప్పడేవాణ్ణి. ఇప్పుడు రాయబోయేదాన్ని కూడా దయ్యం అనను. ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది బొబ్బిలి. నేను తెలుగు మాస్టర్ని. మా అక్క పోయాక, పిల్లలు లేని మా బావ మా ఇంట్లోనే ఉండేవాడు. టీవీలు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. దేవుడి సంగతి ఎత్తితే వెక్కిరించేవాడు. నన్ను పేరుపెట్టి పిలవడు, పంతులూ అనేవాడు.

మూడేళ్ళ క్రితం ఆయన మా హాల్లో ఒక నల్లడబ్బా పెట్టాడు. లోపల రెండు హార్డ్ డిస్కులు. దాన్ని వైఫైకి కలిపాడు. మా ఫోన్లలోని ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చిన ఆడియోలు, వీడియోలు ఇంట్లో అడుగుపెట్టగానే వాటంతటవే అందులోకి వెళ్ళిపోయేవి. పాత క్యాసెట్లలో ఉన్న మా అక్క పాటలు కూడా ఎక్కించాడు. దానికి ఆయన పెట్టిన పేరు గాదె. ధాన్యం పోసుకున్నట్టు అన్నీ అందులోనే పోసుకోవచ్చని. దసరాకి నా భార్య దానికి పసుపు రాసి బొట్టు పెడితే, "ఒసే అమ్మా, గాలాడే కన్నాలు మూసీకు, ఊపిరాడక సస్తాది" అని నవ్వాడు.

ఆ రోజే నాతో అన్నాడు. "ఒరే పంతులూ, నీ దేవుడు ఒక్క కాపీయే రాసుకుంటాడు. నాను రెండు దాస్తాను. ఎవుడు తెలివైనోడో నువ్వే సెప్పు."

ఒక విషయం మాత్రం నాకు గట్టిగా నేర్పాడు. రెండు డిస్కులూ అద్దంలో బొమ్మలాంటివి. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. కానీ మనం చేత్తో తుడిచేస్తే రెండింట్లోంచీ పోతుంది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేస్తే ఇక తిరిగి రాదు.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు నెలలు మంచం మీదే. నేను బడి నుంచి చూసుకోవడానికి ఆ గదిలో చిన్న కెమెరా బిగించాం. అది పగలంతా రికార్డు చేసి గాదెలో వేసేది. ఎక్కడ బిగించాలో మంచం మీద నుంచి ఆయనే చెప్పాడు. "బతికున్నానో లేదో బడిలోంచే సూసుకో. ఉత్తినే సెలవెట్టీకు" అన్నాడు.

కిందటేడాది భాద్రపద మాసం, శుద్ధ ఏకాదశి. నా భార్య పార్వతీపురంలో వాళ్ళ చెల్లెలి ఇంటికి సీమంతానికి వెళ్ళింది. రాజాంలో మా సత్సంగ మండలి వాళ్ళ గీతా పారాయణం ఉంది. పదిహేనో అధ్యాయం పుస్తకం లేకుండా నేను చెప్పాలి. ఏటా నేనే చెబుతాను. నేను లేకపోతే వెలితిగా ఉంటుందని వాళ్ళు అనేవారు. ఆ మాట నాకు ఇష్టం.

ఆ రోజు బావకి ఆయాసం ఎక్కువగా ఉంది. నేను పంచె మార్చుకుంటుంటే చూసి, "ఈయేల ఎల్లకురా" అన్నాడు. వెక్కిరింత లేకుండా ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

త్వరగా వచ్చేస్తానన్నాను. రెండింటికి బండి తీశాను.

మూడు నుంచి ఐదు వరకు పారాయణం. మండలి నియమం ప్రకారం ఫోన్లు కట్టేశాం, రికార్డు చేసే ఒకాయన ఫోను తప్ప. నేను ఇల్లు చేరేసరికి ఆరయింది. బావ పోయాడు. ఛాతీ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పోయి గంట అయినా అయి ఉండదు.

గోడ మీద పంచాంగం క్యాలెండరు చూశాను. బావని చూసిన వెంటనే చేసిన పని అదే. దాచను. ఆ రోజు శ్రవణం నాలుగుంబావు వరకే ఉంది. తర్వాత ధనిష్ఠ. ధనిష్ఠలో పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఎప్పుడు పోయాడంటే, నువ్వెక్కడున్నావని అడుగుతారు.

గదిలో కెమెరా నావైపే చూస్తున్నట్టు అనిపించింది. దాని వైరు పీకేశాను. అప్పుడు ఆరున్నర. నూతి దగ్గర తలారా స్నానం చేసి తడిపంచెతో నిలబడి ఉండగా పురోహితుడు వచ్చారు. ఎన్నింటికి పోయారని అడిగారు.

"నాలుగింటికండీ. నేను పక్కనే ఉన్నాను. గీతలో ఎనిమిదో అధ్యాయం చదువుతున్నాను. చెవిలో నారాయణ నామం చెప్పాను. తులసి తీర్థం మూడు చెంచాలు పోశాను. మూడోది లోపలికి దిగలేదు, పెదవి పక్కనుంచి జారిపోయింది."

ఆ మూడో చెంచా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నోటికి అలా వచ్చేసింది. పురోహితుడు కళ్ళు తుడుచుకున్నారు. ఏకాదశి, శ్రవణం, చెవిలో నామం, ఎంత పుణ్యాత్ముడో అన్నారు. రాజాం వాళ్ళకి మాత్రం నేను ఇల్లు చేరాకే పోయాడని చెప్పాను. రెండు ఊళ్ళకి రెండు అబద్ధాలు.

మూడో రోజు గాదె తెరిచి ఆ ఏకాదశి నాటి వీడియో తుడిచేశాను. చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. బావ నేర్పినట్టే.

నెల మాసికానికి బావ ఫొటో ఫ్రేము కట్టించాలని నా భార్య గాదెలో వెతికింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"అన్నయ్యగారిని ఎంత బాగా సాగనంపారండీ" అంది. "ఈ కాలంలో కన్నకొడుకులైనా సేస్తారా ఇలాగ? నాలుగింటివరకూ సూసానండీ. ఆపైన సూడలేకపోయాను."

 ఆమె కళ్ళు తుడుచుకుని ఇంకో మాట అడిగింది. "తడిబట్టతోటి కూకున్నారేటండీ? మడి కట్టుకున్నారా?"

మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆమె బజారుకి వెళ్ళాక చూశాను.

నేను తుడిచేసిన ఫైలే, ఏకాదశి తేదీతో. అదే గది, అదే మంచం. రెండింటికి నేను గడప దాటి వెళ్ళడం కనిపిస్తుంది. మూడు దాటాక మంచం పక్క కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. తలుపు తెరుచుకోలేదు. లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఎక్కడా లేదు. ఒంటి మీద తడిపంచె, జుట్టు తడి. కుర్చీ కింద గచ్చు మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. నా గొంతుతో ఎనిమిదో అధ్యాయం. నాలుగు కాగానే వంగి బావ చెవిలో నామం చెప్పాను. తీర్థం పోశాను. ఒకటి, రెండు, మూడు. మూడోది పెదవి పక్కనుంచి జారింది. బావ మెడ పక్కకు వాలింది.

ఆపలేదు, చూస్తూనే ఉన్నాను. కుర్చీలోని మనిషి లేవలేదు. ఆరింటికి తలుపు తీసుకుని పొడిపంచెతో నేను లోపలికి వచ్చాను. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను, గోడవైపు తిరిగి పంచాంగం చూశాను. కుర్చీలో ఆ మనిషి అలాగే ఉన్నాడు. అతని మోకాలికి నా పంచె తగిలేంత దగ్గరగా నడిచాను. అతని వైపు చూడనే లేదు. ఆరున్నరకి నా చెయ్యి కెమెరా మీదికి వస్తుంది. అక్కడితో ఆగిపోయింది.

అదే గాదెలో, అదే రోజు తేదీతో ఇంకో ఫైలు ఉంది. రాజాం పారాయణం ఆడియో, మండలి ఆయన పంపింది. నాలుగింటికి అందులో నేను పదిహేనో అధ్యాయం చెబుతున్నాను. తప్పు లేకుండా చెప్పాను.

బావ దుకాణం ఇప్పుడు నడుపుతున్నాయనకి గాదె చూపించాను. ఫైలు తుడిచాను, తిరిగి వచ్చింది అని మాత్రమే చెప్పాను. పూటంతా కూర్చుని చూశాడు. "మాస్టారూ, మీరు తుడిసీసింది రెండు డిస్కుల్లోంచీ పోనాది. తుడిసినట్టు లెక్కలో ఉన్నాది. ఇది ఎక్కణ్ణించి ఒచ్చినాదో మీ బావగారు బతికుంటే సెప్పుదురు. నాకైతే తెల్దు."

అప్పటికే నా భార్య దాన్ని చుట్టాలందరికీ చూపించాలని అనుకుంటోంది. ఒక ఆదివారం పొద్దున్న ఆమెను కూర్చోబెట్టి, నాలుగింటి తర్వాతి భాగం చూపించాను. తర్వాత రాజాం ఆడియో వినిపించాను. ఒకే గదిలో నేనే ఇద్దరుగా ఉండటం చూసి కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. తెర వైపే చూస్తూ అడిగింది.

"అయితే అన్నయ్యగారు ఒక్కరే పోనారా?"

 ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

పురోహితుడి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. వీడియో చూడనన్నారు ఆయన. శాంతి చేయించి, ఆలస్యమైనా సరే ఇల్లు మూయమన్నారు. కార్తీకంలో తాళం వేసి వేరే వీధిలో అద్దెకు ఉన్నాం. రాజాం మండలిలో అందరి ముందు నిలబడి చెప్పుకున్నాను. అప్పటినుంచి పదిహేనో అధ్యాయం నేను చెప్పడం లేదు.

వైశాఖంలో తలుపు తీశాం. గది మూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కుర్చీ ఉన్నచోటే ఉంది. కుర్చీ కింద గచ్చు మీద మాత్రం గుండ్రంగా తెల్లటి మచ్చలు. నీళ్ళు పడి ఆరిపోతే మిగిలే మచ్చల్లాంటివి. పైకప్పు చూశాను. ఎక్కడా కారిన జాడ లేదు.

గాదె ఇంకా హాల్లోనే ఉంది. ఆ ఫైలు అందులోనే ఉంది. నేను దాన్ని మళ్ళీ తెరవలేదు. తుడిచెయ్యనూ లేదు. తుడిస్తే మళ్ళీ వస్తుందనే భయం కొంత. ఈసారి నిజంగానే పోతుందేమోననే భయం కూడా కొంత ఉంది. కుర్చీలో ఉన్నది ఎవరో నాకు తెలియదు. నా అబద్ధానికి ఆ రూపం ఎవరిచ్చారో తెలియదు. ఎంతమంది పెద్దలను అడిగినా సమాధానం దొరకలేదు.

వాటన్నిటికంటే నన్ను తినేసే సంగతి వేరు. ఆ మధ్యాహ్నం మా బావ నిజంగా ఎలా పోయాడో చూపించే వీడియో ఒకటి ఉండేది. నన్ను పిలిచాడా, నీళ్ళు అడిగాడా, తలుపు వైపు చూశాడా, అన్నీ అందులో ఉండేవి. దాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. నా దగ్గర మిగిలింది అబద్ధం. నిజమైన కాపీ ఇప్పుడు ఒక్కరి దగ్గరే ఉంది. ఎవరు తెలివైనవారని బావ అడిగినదానికి జవాబు నాకు తెలిసింది, వినడానికి ఆయన లేడు.

ఇంతదూరం చదివిన మీతో ఒక మనవి. బావ చెవిలో నేను చెప్పానన్న నామం నేను చెప్పలేదు. కుర్చీలో ఉన్న ఆ మనిషి చెప్పినది లెక్కకు వస్తుందో రాదో నాకు తెలియదు. పక్కన ఎవరూ లేకుండా పోయిన మా బావ కోసం, మీరు ఎక్కడున్నా సరే, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు ఆ నామం ఒక్కసారి పైకి అనండి.

నారాయణ.