సరోజిని నంబరు

సరోజిని మా పక్క కొట్లో గుమాస్తాగా పనిచేసేది. మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే బుచ్చిరాజు గారి కొట్టు అది. నాది బట్టలు కుట్టే కొట్టు. కాళ్ళు మిషను తొక్కుతున్నా చెవులు మాత్రం పక్క కొట్లోనే ఉంటాయి. ఏం చేయను, పరుల సంగతులు తెలియకపోతే నాకు అన్నం సహించదు.

సరోజిని పనంతా తన సొంత ఫోనులోనే. పొద్దున్నే కాయ ధర రైతులకు పంపేది, లారీ వాళ్ళతో మాట్లాడేది. కొట్టు బోర్డు మీదా ఆమె నంబరే. రీచార్జిలో సగం బుచ్చిరాజు గారు పెట్టుకునేవారు. ఆ సగమే తంటా తెచ్చింది.

అమలాపురంలో పళ్ళ డాక్టరు గారి దగ్గర ఆమెకు ఉద్యోగం దొరికింది. వెళ్తానని చెబితే బుచ్చిరాజు గారు, "సంతోషమమ్మా. నంబరు మాత్రం ఉంచి వెళ్ళు. సగం నాదే కదా," అన్నారు.

సరోజిని ముఖం పాలిపోయింది. వీధికో సిమ్ము అమ్ముతున్న రోజుల్లో ఈ పిల్లకు ఒక నంబరు మీద అంత బెంగ ఎందుకు? ప్రేమ వ్యవహారమేమోనని సిగ్గు విడిచి అడిగేశాను.

"మా అమ్మ కోసమండీ," అంది. తల్లి దానమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఆ ఇంటావిడ ఫోను ఉంచుకోనివ్వదు. వీలు చిక్కినప్పుడు ఎవరి ఫోనో అడిగి చేస్తుంది. చదువు రాదు. ఆవిడకు నోటికొచ్చిన నంబరు ఇదొక్కటే. అలా అడిగినందుకు నాకే సిగ్గేసింది.

ఆ మాట విని బుచ్చిరాజు గారు దూడల పద్ధతిన తేల్చుకుందామన్నారు. మా వైపు దూడను సగం వాటాకి మేపడానికి ఇస్తారు. విడిపోయేటప్పుడు ఒకరు వెల కడతారు, దూడ కావాలో సగం వెల కావాలో రెండోవారు కోరుకుంటారు. ఆపైన ఎవరూ నోరెత్తకూడదు.

"నువ్వే వెల కట్టమ్మా. కోరుకోవడం నా వంతు."

సరోజిని బల్ల అంచు గోకుతూ అంది, "డబ్బొద్దండీ. నంబరు ఎవరుంచుకుంటే వాళ్ళు రెండోవాళ్ళకొచ్చిన ఫోన్లు కూడా ఎత్తాలి. సరిగ్గా జవాబు చెప్పాలి. అదే వెల."

నేను మిషను ఆపేశాను. పిల్ల ఘటికురాలే అనుకున్నాను.

"ఓస్, ఇంతేనా," అని ఆయన నంబరే కోరుకున్నారు. వ్యాపారి కదా. నాకు ఒళ్ళు మండింది గానీ పద్ధతి పద్ధతే. సరోజిని సిమ్ము తీసిచ్చి, తన కొత్త నంబరు చీటీ మీద రాసి, "ఒక్కో అంకె మెల్లగా చెప్పండి. అమ్మకి వెంటనే పట్టుబడదు," అంది.

"ఆయ్, అలాగే," అన్నారాయన.

మరో వారానికి, లారీకి కాయ ఎత్తుతుండగా ఆ సిమ్ము వేసిన ఫోను మోగింది. ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు, నా అదృష్టం. రైతనుకుని, "ధర తగ్గిందండీ, రేపు రండి," అన్నారు.

అటు నుంచి ఆడగొంతు. "మా సరోజిని ఏదండీ? మీరెవరండీ?"

"పిల్ల బాగుందమ్మా. కొత్త నంబరు చెబుతాను, విను."

"దానికేమయిందండీ? నిజం చెప్పండి బాబూ."

ఆవిడ ఏడుస్తోంది. ఈయన చీటీ చూస్తూ అంకెలు చదువుతూనే ఉన్నారు. మధ్యలోనే ఫోను కట్టయింది.

బుచ్చిరాజు గారు లారీని అలాగే వదిలేసి కారు తీశారు. పిలవకపోయినా నేనూ ఎక్కాను.

అమలాపురంలో పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రికి వెళ్ళి, ఫోను సరోజిని చేతిలో పెట్టి, "నీ వెల నాకు గిట్టలేదమ్మా," అన్నారు. "మీ అమ్మగారు నా గొంతు విని హడలిపోయేరు. నంబరు నువ్వే ఉంచుకో."

"మరి రైతులకు ధర ఎవరు చెబుతారండీ?"

"ధర నువ్వే చెబుదువుగాని. వెల కట్టింది నువ్వే కదా."

అమ్మ చేసిన నంబరుకి సరోజిని అప్పుడే తిరిగి చేసింది. ఎవరూ ఎత్తలేదు. పంటి నొప్పి వాళ్ళ మధ్య బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. సరోజిని కంగారులో ఎక్కడెక్కడో నొక్కింది. ఆయనే మీట నొక్కి ఆమె చెవి దగ్గర పెట్టారు.

"అమ్మా అని ఒక్కసారి అను," అన్నారు. "ముందు నీ గొంతు విననీ. ఇంకేం చెప్పకు."