మస్కట్ రగ్గు

"పిల్లని మస్కట్ పంపకండి పిన్నిగారూ. పాస్‌పోర్టు లాక్కుని, బయట తాళం వేసేస్తారండి."

"మరి నువ్వు రగ్గులెలా తెచ్చేవే? నా మంచం మీదున్నది నువ్విచ్చిందే. మా పిల్ల బాగుపడితే నీకు కడుపుమంటా?"

ఎదురింటావిడ అలా అనేసరికి మా పక్కింటమ్మాయి తెల్లబోయింది.

ఇదివరకు మస్కట్‌లో ఇంటిపనికని తీసుకెళ్ళిన ఏజెంటు తనని వేరే ఇంటికి అమ్మేసేడు. ఎలాగో తప్పించుకుని కట్టుబట్టలతో వచ్చింది. పరువు పోతుందని వాళ్ళన్నయ్య అమలాపురంలో రగ్గులూ సబ్బులూ కొని, చెల్లెలు తెచ్చిందని వీధంతా పంచేడు. నాకిచ్చిన సబ్బుకి కొట్టువాడి ధర చీటీ కూడా ఊడలేదు.

అప్పట్నుంచీ ఎవరింటికెళ్ళినా తలుపు మూసుకోకుండా గడప మీదే కూర్చుంటుంది. జల్లు లోపలికి కొడుతోందే అని కసిరితే, "ఆయ్, తుడిచేస్తానండి" అంటుందిగానీ జరగదు.

"ఆ రగ్గు అమలాపురంలో కొన్నదండి" అంది చివరికి.

"ఇన్నాళ్ళూ అబద్ధమాడి, ఇప్పుడు నిజమంటే నమ్మాలా?"

"నిజమేనమ్మా" అన్నాన్నేను.

"మీకెందుకండీ మామ్మగారూ!" అని ఎదురింటావిడ లోపలికి పోయింది.

తెల్లారి ఏజెంటు కారొచ్చింది. ఎదురింటి పిల్ల ఎక్కింది. మా పక్కింటమ్మాయి అడ్డంగా నిలబడితే, వాళ్ళన్నయ్యే చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసేడు. కారు రావులపాలెం వైపు వెళ్ళిపోయింది.